జాడీ గుడివాడలో, మూత దివిసీమలో

కాశీ వెళ్లొచ్చినవాళ్లు రాస్తారు, కొలంబో వెళ్లొచ్చినవాళ్లు రాస్తారు. నేను గుడివాడా దివిసీమా వెళ్లొచ్చి రాస్తున్నాను. నవ్వకండి. ఈ ఊళ్లు మాకు తెలియనివా అనేవాళ్లు చాలామందే ఉంటారు గాని, అక్కడ ఒక జాడీని తిరగేసి దాని అడుగు చూసినవాళ్లు ఎంతమంది? నేను చూశాను. చూసి ఏం చదివానో మా ఆవిడ కరుణమ్మ ఇప్పటికే వీధి వీధంతా చెప్పేసింది. నా వైపు నుంచి కూడా ఒకసారి వినడం న్యాయం.

బందరు

బందరులో నన్ను పింగాణీ ప్రకాశం అంటారు. అది ఇంటిపేరు కాదు. యుద్ధానికి ముందు రంగూన్‌లో జపాను పింగాణీ అమ్మే కొట్లో గుమాస్తాగా ఉన్నాను. బాంబులు పడగానే అందరితోపాటు పారిపోయి వచ్చాను. కొందరు బంగారం తెచ్చుకున్నారు, కొందరు రంగూన్ పట్టు తెచ్చుకున్నారు. నేను ఒక భూతద్దం తెచ్చుకున్నాను. ఆ మాట ఎత్తితే కరుణమ్మ ఇప్పటికీ నిట్టూరుస్తుంది.

ఇప్పుడు కప్పులూ సాసర్లూ జాడీలూ అమ్ముకుని బతుకుతున్నాం. చుట్టుపక్కల ఎవరింట్లో పాత పింగాణీ బయటపడినా నాకు కబురొస్తుంది. అది చేత్తో వేసిన బొమ్మా, అచ్చుబొమ్మా, ఏ దేశానిది, ఎంత పాతది, అమ్మితే ఏపాటి వస్తుంది, ఇవన్నీ చెప్తాను. పక్కనే చిలకలపూడి. అక్కడ గిల్టు నగలు చేసే నా స్నేహితుడు ఒకాయన ఉన్నాడు. "అసలుదేదో నకిలీదేదో కనిపెట్టడమూ ఒక విద్యేనా బావా? కనిపెట్టకుండా చెయ్యడం గదా విద్య!" అని ఎగతాళి చేస్తాడు. ఆయనతో నేను వాదించను. మా ఆవిడ మెడలో గొలుసు ఆయన చేసిందే.

ఈసారి కబురు గుడివాడ నుంచి వచ్చింది. శేషమ్మగారని, బియ్యం మిల్లు వాళ్ల ఇల్లాలు. ఇంట్లో జపాను జాడీ ఉందట. మద్రాసు నుంచి పాతసామాను కొనే ఆసామి ఒకాయన వచ్చే వారం చూడ్డానికి వస్తాడట. అమ్మాలా వద్దా అన్నది నేను చూసి చెప్పాకే తేల్చుకుంటుందట. నేను భూతద్దం తుడుచుకున్నాను. కరుణమ్మ తానూ వస్తానంది.

"నువ్వెందుకు? అది విద్యకి సంబంధించిన పని" అన్నాను.

"అందుకే వస్తున్నానండీ. మీరు విద్యలో ఉంటే గొడుగు ఎవరు పట్టుకొస్తారు?" అంది. కిందటిసారి గొడుగు ఏలూరులో వదిలేసి వచ్చిన మాట నిజమే.

గుడివాడ

రైలు దిగి ముందు పెసరట్టు తిన్నాం. అణాలు పోయి నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులు. హోటలాయన పాత లెక్కలో ఒక ధర, కొత్త లెక్కలో ఇంకో ధర చెప్పాడు. రెండింటిలో ఏది తక్కువో నేను తేల్చుకునేలోపే మూడో పెసరట్టు తెచ్చి వేశాడు. గుడివాడ పెసరట్టులో అల్లం మా బందరుకన్నా ధారాళం. కళ్లనీళ్లు తుడుచుకుంటూ మిల్లు దారి పట్టాం.

శేషమ్మగారికి యాభై దాటి ఉంటాయి. పెద్ద మనిషి, పెద్ద బొట్టు, గొంతు మాత్రం చిన్నది. అరుగు మీద కుర్చీలు వేయించి కాఫీ ఇచ్చింది. ఇంట్లోవాళ్లు ఇత్తడి గ్లాసుల్లో తాగారు, మాకు పింగాణీ కప్పుల్లో వచ్చింది. మాలాంటి క్రైస్తవులు వెళ్తే ఇలాంటి ఇళ్లల్లో విడిగా కప్పులు ఉంటాయి. ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తరు. కరుణమ్మ మొహం కాస్త ముడుచుకుంది. నాకూ బాగుండలేదు గాని అలవాటు కొద్దీ కప్పు తిరగేసి చూశాను. మా కొట్లో కొన్నదే.

అప్పుడు జాడీ తెచ్చింది. మూత స్థానంలో ఒక అల్యూమినియం పళ్లెం, దాని మీద ఎగిరిపోకుండా పొత్రం. ఆ రెండూ తీసి జాడీని నా ముందు పెట్టగానే, నిజం చెప్తున్నాను, పెసరట్టు మాట మర్చిపోయాను.

మూరెడు ఎత్తు ఉంటుంది. ఎరుపు, బంగారం, మధ్యమధ్య ఆకుపచ్చ. ముందువైపు ఒక గడ్డం తాత. ఆయన నుదురు ఎంత పొడుగంటే మిగిలిన ఒళ్లంతా దానికి తోకలా ఉంది. జపానువాళ్లకి ఆయన దీర్ఘాయువు ఇచ్చే దేవుడు. ఈ ఇంట్లో ఆయన పేరు బుర్రతాత. ఆ పొడుగు నుదుటి మీద రోజూ కుంకుమబొట్టు పెడుతున్నారు.

భూతద్దం తీశాను. అచ్చుబొమ్మ అయితే అద్దంలో రంగు చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది, గీతలన్నీ ఒకే మందాన ఉంటాయి. ఇక్కడ గడ్డంలో ఒక్కొక్క వెంట్రుకా ఒక్కో తీరుగా ఉంది, కుంచె ఎక్కడ ఎత్తాడో తెలుస్తోంది. బొటనవేలితో రాస్తే రంగు గుడ్డ మీద కుట్టుపనిలా పైకి తగిలింది. బంగారం జాడీ అంతటా ఒకేలా పోలేదు, చేతులు పట్టుకునే చోట మాత్రమే అరిగింది. పాతదిగా కనిపించాలని అరగదీసినవాళ్లకి ఆ తెలివి ఉండదు. గోటితో మీటితే గుడిగంట మోగినట్టు మోగింది. ఇక మిగిలింది అడుగు.

తిరగేశాను. అడుగున ఎర్రటి అక్షరాలు రెండు. తోమి తోమి సగం పోయాయి. ఒక మెలిక, ఒక కొక్కెం, పక్కన ఇంకో మెలిక.

రంగూన్‌లో మా షావుకారు నాకు నేర్పిన మొదటి పాఠం ఇదే. ఇంగ్లీషులో 'మేడిన్ జపాన్' అని ఉంటే నిన్నా మొన్నటిది. 'నిప్పన్' అని ఉంటే దానికన్నా పాతది. ఇంగ్లీషే లేకుండా ఎర్రగా రెండు జపాను అక్షరాలు ఉంటే కుతాని, జపానులో కెల్లా పేరుమోసిన పింగాణీ, లేచి నిలబడు అనేవాడు. ఆ అక్షరాలు చదవడం ఆయనకీ రాదు, నాకూ రాదు. రెండు, ఎరుపు, అంతే.

లేచి నిలబడ్డాను.

"శేషమ్మగారూ, ఇది కుతాని. ఇది దాన్ని చేసిన జపాను పనివాడి సంతకం. ఈ మెలిక చూశారూ, ఇలాంటి మెలిక తిప్పాలంటే కుంచె పట్టడంలో పుట్టి పెరగాలి. మన తెలుగువాళ్ల చేతికి ఇది లొంగదు" అన్నాను.

ఆవిడ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. పాపం, ఆనందం పట్టలేకపోతోంది అనుకున్నాను.

"మరి దీనికి మూత ఉండాలే?" అన్నాను.

భుజాలు ఆగిపోయాయి. "ఉందండీ. దివిసీమలో" అంది.

ఆ కథ ఇది. శేషమ్మగారి మావగారు ధాన్యం వ్యాపారం మీద రంగూన్ వెళ్లినప్పుడు ఆ జాడీ తెచ్చారు. ఆయనకి ఇద్దరు కొడుకులు. పెద్దకోడలు శేషమ్మగారు, చిన్నకోడలు తులశమ్మగారు. దివిసీమలో నాగాయలంక దగ్గర పల్లెలో ఒకే ఇంట్లో ఉన్నన్నాళ్లూ తోడికోడళ్లిద్దరూ ఏటా ఆ జాడీలోనే ఆవకాయ పెట్టేవాళ్లు. తర్వాత వేరుపడ్డారు. పెద్దవాళ్లు గుడివాడ వచ్చి మిల్లు పెట్టారు, చిన్నవాళ్లు వ్యవసాయం చూసుకుంటూ అక్కడే ఉన్నారు. పంపకాల్లో పొలం తేలింది, పశువులు తేలాయి, జాడీ దగ్గర ఆగింది. అప్పుడు పెద్దమనుషులు బాగా ఆలోచించి, ఎవరికీ అన్యాయం జరగకూడదని, జాడీ పెద్దకోడలికీ మూత చిన్నకోడలికీ పంచేసి భోజనానికి లేచారు.

అన్నదమ్ములు ఎప్పుడో కలిసిపోయారు. ధాన్యం పని మీద తమ్ముడు గుడివాడ వచ్చినప్పుడల్లా అన్నతో కలిసి హోటల్లో తింటాడు. ఆడవాళ్లిద్దరూ మాత్రం అప్పటినుంచి మాట్లాడుకోలేదు. "నువ్వే ఉంచుకో అక్కయ్యా అంటుందేమో అని నేను చూశానండీ. అనలేదు" అంది శేషమ్మగారు.

మద్రాసు ఆసామి ఉత్తరంలో జాడీ ఒక్కదానికైతే ఒక ధర, మూత ఉంటే దానికి ఎన్నో రెట్లు అన్నాడట. కాని ఆవిడ మమ్మల్ని అడిగింది ధర గురించి కాదు.

"ఒక్కసారి దివిసీమ వెళ్లి ఆ మూత చూసి రండి ప్రకాశంగారూ. మీరు చెప్పిన... ఆ జపాను సంతకం దాని లోపల కూడా ఉండేది. అది ఇంకా ఉందో, గీకేసిందో చూడండి. లేకపోతే ఇంక నాకీ జాడీతో పనిలేదు, అమ్మేస్తాను. అలాగే..." అని కాస్త ఆగింది. "మూత మీద కుక్కపిల్ల ఉంటుంది. అది ఎలా ఉందో కూడా చూడండి."

పామిడిముక్కల

"ఆవిడకి కావాల్సింది జాడీ వెల కాదండీ. తోడికోడలికి తన మీద ఇంకా ప్రేముందో లేదో తెలియాలి" అంది కరుణమ్మ బస్సులో.

"నీకు కుతాని గురించి ఏం తెలుసు?" అన్నాను. ఆ తర్వాత ఉయ్యూరుదాకా ఆవిడ కిటికీలోంచి పొలాలు చూసింది, నేను భూతద్దం తుడుచుకున్నాను.

పామిడిముక్కలలో మాకు తెలిసిన పాస్టరుగారి ఇంట్లో రాత్రి బస. రొయ్యలు వేసిన గోంగూర పెట్టారు. దాని గురించి ఒక పుస్తకం రాయొచ్చు గాని జాడీ మధ్యలో ఉంది. పొద్దున టీ ఇచ్చారు. కప్పు మీద నల్లటి డ్రాగను పాము బుసకొడుతూ ఉంది. నేను టీ మొత్తం తాగేసి కప్పు దించబోతుంటే, అడుగు నుంచి ఒక ఆడమనిషి నా వంక చూసింది.

కప్పు చేతిలోంచి జారి ఒళ్లో పడింది. పగల్లేదు, నా పంచె వల్ల. పంచెకి మాత్రం అడుగు చుక్కల మరక అంటింది.

"అయ్యో, చెప్పడం మర్చిపోయానండీ" అన్నారు పాస్టరుగారు నొచ్చుకుంటూ. "దాంట్లో ఎవరూ అడుగుదాకా తాగరు. ఓడలో పనిచేసే మా బంధువు ఒకతను ఇచ్చాడు ఈ సెట్టు. ఇచ్చిన రోజున మా సంఘ పెద్ద పూర్తిగా తాగి, ఆవిడని చూసి, ప్రార్థన చెయ్యమన్నారు. అప్పటినుంచి ఆవిడ మీద ఒక గుక్క ఉంచేస్తాం."

ఆ సంఘంలో టీ తాగే పద్ధతే అలా మారిపోయిందట. సొంత ఇళ్లల్లో ఇత్తడి గ్లాసుల్లో తాగినా అడుగున ఒక గుక్క వదిలేస్తారట. మా బందరులో అయితే అడుగున చక్కెర ఉంటుందని వేలు పెట్టి మరీ నాకుతారు.

నేను కప్పుని కిటికీ వెలుతురుకి ఎత్తి చూపించాను. అది బొమ్మ కాదు, రంగు కాదు. మట్టినే ఒకచోట పల్చగా, ఒకచోట మందంగా చేస్తారు, వెలుగు పడితే మొహం కనిపిస్తుంది. ఎగుమతి కోసం చేసిన సరుకు, పాతదేం కాదు, చవకైనదే అన్నాను. కొప్పు పెట్టుకుని, తల కాస్త వంచుకుని ఉన్న ఆ జపాను అమ్మాయిని పాస్టరుగారు మొదటిసారి తీరుబడిగా చూశారు.

"ఎవరో పద్ధతైన పిల్లలాగే ఉంది" అన్నారు చివరికి. "ఇన్నేళ్లూ టీలో ముంచాం పాపం."

దివిసీమలోకి

పులిగడ్డ దగ్గర అక్విడక్టు మీదుగా కాలవ నదిని దాటుతుంది. కింద కృష్ణ, పైన కాలవ. నీళ్ల మీద నీళ్లు వెళ్తుంటే చూడ్డానికి నిలబడిపోయాను, గొడుగు పిట్టగోడకి ఆనించాను. మళ్లీ గుర్తొచ్చేసరికి అవనిగడ్డలో ఉన్నాం.  కరుణమ్మ తన సంచీలోంచి ఆ గొడుగు తీసి నా చేతికిచ్చింది.

దివిసీమలో మర్యాద మంచినీళ్లతో మొదలవదు. మే నెల కావడం వల్లేమో, ఎవరి గుమ్మం ముందు ఆగినా ముంజలు. దారి అడిగితే ముంజకాయ కొట్టిచ్చాకే దారి చెప్తారు. వేలితో తోడుకుని తింటుంటే నీళ్లు మోచేతిదాకా కారాయి. ఒకాయన నా భూతద్దం చూసి డాక్టరుననుకుని నాలుక చాపాడు. బాగానే ఉందని చెప్పి ముందుకు సాగాను.

నాగాయలంక దగ్గర

తులశమ్మగారు సన్నటి మనిషి. గొంతు మాత్రం కాలవ అవతలి గట్టుకి వినిపిస్తుంది. మేం గుడివాడ నుంచి వచ్చామనగానే ఆ గొంతు ఒక్కసారి తగ్గిపోయింది.

"ఎవరు పంపారు?"

"శేషమ్మగారు."

ఆవిడ లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చింది. మా ఎదురుగా కూర్చుంది. చాలాసేపు పంట గురించి మాట్లాడింది, ఉప్పునీళ్ల గురించి మాట్లాడింది, కరుణమ్మ చీర ఎక్కడ కొన్నదో అడిగింది. చివరికి ఎటో చూస్తూ అంది:

"తాత ఎలా ఉన్నాడండీ?"

ఏ తాత అని అడగబోయాను. కరుణమ్మ నా కాలు తొక్కింది.

"బాగానే ఉన్నాడమ్మా. రోజూ బొట్టు పెడుతున్నారు. నెత్తిన అల్యూమినియం పళ్లెం, దాని మీద రాయి" అంది కరుణమ్మ.

"రాయా! తాత నెత్తిన రాయి పెట్టిందా!" తులశమ్మగారికి కోపమో ఏడుపో తెలియలేదు. రెండూ వచ్చాయి.

మూత చూపించమన్నాను. వంటింట్లో ఒక మామూలు ఊరగాయ జాడీ మీద ఉంది అది. ఆ జాడీ మూతి చిన్నది, మూత పెద్దది. నిలవడానికి జాడీ మెడకి పాత చీరముక్క చుట్టలా చుట్టింది. మూత మీద పిడిగా కూర్చుని ఉంది ఒక చిన్న జంతువు, జూలు ఉంది, తోక గుబురుగా ఉంది, మొహం మాత్రం బెదిరిన కుక్కది.

"శేషమ్మగారు కుక్కపిల్ల ఎలా ఉందో చూసి రమ్మన్నారు" అన్నాను.

"కుక్కపిల్లా? సింహమండీ అది! ఎన్నిసార్లు చెప్పాను అక్కయ్యకి!" అని గొంతు మళ్లీ అవతలి గట్టుకి చేరింది. వెంటనే, "అడిగిందా? అక్కయ్యే అడిగిందా?" అంది మెల్లగా.

జపానువాళ్ల గుళ్ల ముందు ఉండే జంతువు అది, పేరుకి సింహం, మొహం కుక్కది, ఇద్దరి మాటా ఒప్పే అని తీర్పు చెప్పాను. ఎవరూ వినలేదు. సరే, అసలు పని మీదకి వచ్చాను. మూత ఎత్తాను, లోపలికి తిప్పాను, భూతద్దం పెట్టాను.

ఎర్రటి అక్షరాలు రెండు. అవే. కాని ఇక్కడ ఎవరూ తోమలేదు, నిగనిగలాడుతున్నాయి. మెలిక, కొక్కెం, ఇంకో మెలిక.

నా వెనకనుంచి కరుణమ్మ గట్టిగా చదివింది.

"శే. తు."

ఇంకోసారి చూశాను. తాటికాయంత అక్షరాలు. శే. తు. రెండో క్లాసు పిల్లవాడు కూడా చదువుతాడు. భూతద్దంలోంచి చూస్తే ఇంకా పెద్దగా కనిపిస్తున్నాయి.

"నేనే రాశానండీ" అంది తులశమ్మగారు సిగ్గుపడుతూ. "నేను కాపరానికొచ్చేనాటికి నాకు అక్షరం ముక్క రాదు. అక్కయ్యే వంటింట్లో బూడిదలో రాయించి నేర్పింది. పెళ్లిళ్లకి మా జాడీ అడిగి పట్టుకెళ్లేవాళ్లు. పేరు లేకపోతే ఎవరింటికో వెళ్లిపోద్ది గదా. ఇత్తడి సామాను మీదైతే కొట్టిస్తాం, పింగాణీ మీద సుత్తి పడితే ఇంకేముంది! బండి చక్రాలకి వేసే ఎర్రరంగు మిగిలితే, దాంతో రాశాను. నేను రాసిన మొదటి అక్షరాలివే. వంకరగా వచ్చాయి."

కుంచె పట్టడంలో పుట్టి పెరిగిన చెయ్యి అదన్నమాట. తెలుగువాళ్లకి లొంగని మెలిక అదన్నమాట. శేషమ్మగారి భుజాలు ఎందుకు కదిలాయో అప్పుడు తెలిసింది. నా చెవులు వేడెక్కాయి. కరుణమ్మ నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి ఆవిడ పడుతున్న అవస్థ చూస్తే నవ్వేసినా బాగుండేదనిపించింది.

"గీకెయ్యలేదే?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఎందుకు గీకుతానండీ!" అంది ఆవిడ. "నువ్వే ఉంచుకో తులశా అంటుందని చూశాను. అనలేదు. ఆ కోపం మనిషి మీద. పేరు మీద ఎందుకు?"

కరుణమ్మ అప్పుడు చెప్పింది. మద్రాసు ఆసామి సంగతి, ఈ అక్షరాలు లేకపోతే జాడీ అమ్మేస్తానన్న సంగతి, అన్నీ.  తులశమ్మగారు మాకు మెత్తళ్ల చేపల కూరతో అన్నం పెట్టింది. మేం చేతులు కడుక్కునే వేళకి చీర మార్చుకుని, ఒక గంపలో వరిగడ్డి పరిచి, మధ్యలో మూత పెట్టుకుని, అరుగు మీద కూర్చుని ఉంది.

"బస్సు తప్పిపోద్దండీ" అంది.

మళ్లీ గుడివాడ

దారంతా తులశమ్మగారు గంప ఒళ్లోంచి దించలేదు. పింగాణీ పట్టుకోవడం నాకు అలవాటు, ఇలా ఇవ్వండి అన్నాను. "మీ పంచె మీద టీ మరక చూశాను లెండి" అంది.

మిల్లు ఇంటి గుమ్మంలో శేషమ్మగారు నిలబడి ఉంది. తులశమ్మగారు వాకిట్లో ఆగింది. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకోలేదు. ఒకావిడ గంప వంక చూసింది, ఇంకొకావిడ గుమ్మం వెనక జాడీ వంక చూసింది.  ఇంత దూరం వచ్చి ఈవిడ వెనక్కి తిరిగితే ఎలా అని నిజంగా భయపడ్డాను.

"కుక్కపిల్ల చిక్కిపోయిందే" అంది శేషమ్మగారు.

"సింహం అక్కయ్యా" అంది తులశమ్మగారు. "తాతకి బొట్టు అంత అడ్డంగా ఎవరు పెడుతున్నారు?"

అంతే, ఇద్దరూ ఏడ్చేశారు. కరుణమ్మ కూడా ఏడ్చింది. నేను ఎవరూ చూడకుండా మూత తీసుకెళ్లి జాడీ మీద పెట్టాను. చప్పుడు కూడా లేకుండా కూర్చుంది.

కాసేపయ్యాక కాఫీ వచ్చింది. ఈసారి మా కొట్లో కొన్న పింగాణీ కప్పులు నాలుగొచ్చాయి. శేషమ్మగారు ఒకటి తను తీసుకుంది, ఒకటి తోడికోడలికి ఇచ్చింది. అదేమీ గొప్పగా చెయ్యలేదు, మామూలుగా చేసింది. కరుణమ్మ కప్పులో చక్కెర ఎక్కువైందని చెప్పకుండా తాగేసింది.

"మరి అవి తెలుగు అక్షరాలని ఆ రోజే చెప్పలేదేమండీ?" అని అడిగాను శేషమ్మగారిని.

"మీరు లేచి మరీ నిలబడ్డారు గదండీ! ఎలా చెప్పను?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అక్షరాల సంగతి పక్కన పెట్టి జాడీనీ మూతనీ కలిపి మళ్లీ మొదటినుంచి చూశాను. పనివాడి సంతకం లేదు. పాతవాటికి చాలావాటికి ఉండదు కూడా. కాని ఆ గడ్డం, ఆ బంగారం, మూత మీద కొంగల రెక్కలు, అన్నీ ఒకే చెయ్యి. మంచి చెయ్యి. కుతానిదే అని నేను ఇప్పటికీ అంటాను. సంతకం లేకుండా ఆ మాట అనడానికి కాస్త ధైర్యం కావాలి, అది నాకు ఆ రోజే వచ్చింది.

మద్రాసు ఆసామి వచ్చేవరకూ ఉండమన్నారు, ఉన్నాం. ఈలోపల మిల్లు వాకిట్లో మామిడికాయలు కుప్ప పోశారు. తోడికోడళ్లిద్దరూ కారం ఎక్కువని ఒకరు, ఆవపిండి తక్కువని ఒకరు రోజంతా పోట్లాడుకున్నారు. ఇన్నేళ్లు దాచుకున్న మాటలన్నీ ఆవపిండి మీద అయిపోయాయి.

ఆసామి సిల్కు లాల్చీతో వచ్చాడు. జాడీ చూడగానే కళ్లు మెరిశాయి, పనితనం తెలిసినవాడే. చెయ్యి చాపాడు.

"ముట్టుకోకండి!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. "ఆవకాయ పెట్టామండీ. మూడో రోజు తిరగ కలిపేదాకా పరాయి చెయ్యి తగలకూడదు."

"అయితే ఎప్పుడు ఖాళీ అవుతుంది?" అన్నాడు.

"మళ్లీ మామిడికాయలు వచ్చేనాటికి."

"ఖాళీ అవగానే..."

"అవగానే మళ్లీ పెడతామండీ."

ఆయన నా వైపు తిరిగాడు. "మీరు తెలిసినవారట. దీని వెల ఎంతంటారు?"

"ఖాళీ జాడీ వెల చెప్పడం నాకు వచ్చండీ. ఆవకాయ ఉన్నదానికి వెల కట్టడం రంగూన్‌లో మాకు నేర్పలేదు" అన్నాను. ఆయన భోజనం చేసి వెళ్లాడు. ఆవకాయ రెండుసార్లు వేయించుకున్నాడు.

బందరు రైలు

బయల్దేరేటప్పుడు ఆ కొత్త ఆవకాయే ఒక చిన్న తెల్లజాడీ నిండా పెట్టి నా ఒళ్లో పెట్టారు. మూతికి గుడ్డ వాసెన కట్టారు. "అయిపోయాక కడిగి మీరే తేవాలండోయ్. పేరుంది దాని మీద, ఊరికే పోదు" అంది తులశమ్మగారు. సరే అన్నాను. మూత జాగ్రత్త అని నేను అంటే, తాత జాగ్రత్త అని ఆవిడ అంది.

రైల్లో జాడీ ఒళ్లోంచి దించలేదు. పెడన దాటాక నీళ్లు తాగుదామని కాస్త ఎత్తాను. అడుగున ఎర్రరంగు. మిల్లులో బస్తాల మీద గుర్తులు వేసే రంగు, ఆ ఉదయమే రాసినట్టున్నారు, ఇంకా ఆరలేదు. శే. తు. పక్కపక్కనే, ఈసారి వంకర లేకుండా.

ఒళ్లోకి చూసుకున్నాను. తెల్లటి పంచె మీద ఆ రెండక్షరాలూ ఎర్రగా, తిరగబడి అచ్చుపడ్డాయి. ఒక మెలిక, ఒక కొక్కెం, ఇంకో మెలిక.

ఎదురు బల్ల మీద పెద్దాయన చాలాసేపటినుంచి వాటినే చూస్తున్నాడు. కళ్లజోడు సవరించుకుని ముందుకు వంగాడు.

"ఏ భాషండీ అది?"

కరుణమ్మ కిటికీ వైపు తిరిగిపోయింది. వీపు ఊగుతోంది.

"జపాను" అన్నాను.

"మీకు చదవడం వచ్చా?"

"ఈ రెండక్షరాలూ వచ్చండీ" అన్నాను.